సూట్‌కేసులో వచ్చిన మెషిన్‌కి రీకాల్ ఉత్తరం రాదు

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. అమ్మకు 56 ఏళ్లు. చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్ల గుండె వాల్వ్ పాడైతే 2011లో ఆరోగ్యశ్రీ కింద మైట్రల్ వాల్వ్ మార్చారు. మెటల్ వాల్వ్. అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ ఎసిట్రోమ్ మాత్ర వేసుకుంటోంది. నెలనెలా ఒంగోలు వెళ్లి పీటీ-ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే టెస్టు) చేయించుకోవడం కష్టమవుతోందని, డల్లాస్‌లో ఉండే అక్క రెండేళ్ల కిందట ఇంట్లోనే చూసుకునే చిన్న మెషిన్ తెచ్చి ఇచ్చింది. అక్కడ ఎవరో వాడి వదిలేసిన మెషిన్. స్ట్రిప్పులు మాత్రం కొత్తవి. గత నెల అమ్మకు వారం రోజులు జ్వరం వచ్చింది. తగ్గాక చూస్తే మెషిన్‌లో 2.1 వచ్చింది. 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని డాక్టరు గారు చెప్పారు కదా అని నేనే మాత్రను 3 మిల్లీగ్రాముల నుంచి 4కు పెంచాను. అయిదో రోజు చిగుళ్ల నుంచి రక్తం, మోచేతి మీద నల్లటి కమురు. ఆ రోజే ల్యాబ్‌లో చేయిస్తే 5.2. గంట తర్వాత ఇంట్లో మెషిన్ చూపించింది 3.1. డాక్టరు గారు మాత్ర ఆపించి, మళ్లీ టెస్టు చూసి పాత డోసుకు తెచ్చారు. ఇప్పుడు బాగానే ఉంది. సంగతి విని బావ ‘అలాంటి మెషిన్లు ఇక్కడ రీకాల్ అయ్యాయి’ అన్నాడు. మరి మాకు ఎవరూ చెప్పలేదే? మెషిన్ పారేయాలా? ఇక ముందు ఏ అంకెను నమ్మాలి? టెస్టులు అక్కర్లేని కొత్త మాత్రలు ఉన్నాయట, వాటికి మారొచ్చా? తప్పు నాదేనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. – ఒక పాఠకుడు

సమాధానం: మెషిన్‌ను పారేయకండి, వాడకండి. మిగిలిన స్ట్రిప్పులు, వాటి డబ్బా, ఆ రోజు వాడిన స్ట్రిప్పు రేకు దొరికితే అది కూడా ఒక కవర్లో వేసి బీరువాలో పెట్టండి. అమ్మగారి తర్వాతి ఐఎన్ఆర్ టెస్టులన్నీ ప్రస్తుతానికి ల్యాబ్‌లోనే చేయించండి. ప్రయాణం కష్టమని రాశారు, తెలుసు. ఒకటి రెండు నెలలు తప్పదు.

తప్పు మీదేనా అన్నారు. డోసు సొంతంగా పెంచడం తప్పే. డాక్టరుకు ఒక్క ఫోన్ చేసి ఉంటే ‘జ్వరంలో ఏ మందులు వాడారు?’ అని ఆయన అడిగేవారు, కథ అక్కడే మారేది. కానీ 2.1 అని తెర మీద కనిపిస్తే, వాల్వ్ మీద గడ్డ కడుతుందేమోనని భయపడని కొడుకు ఉండడు. నేను ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో కూర్చున్నవాణ్ణి. తెర మీద అంకె కనబడితే మనిషి బుర్ర ప్రశ్నలు వేయడం ఎలా మానేస్తుందో బాగా తెలుసు, నాతో సహా. మీరు రక్తం కనబడిన రోజే భయపడి ల్యాబ్‌కి పరిగెత్తారు చూడండి, అమ్మగారిని కాపాడింది అదే. చిగుళ్ల రక్తం చూసి కూడా ‘మెషిన్ 3.1 చూపిస్తోంది, బానే ఉంది’ అనుకుని కూర్చున్న ఇళ్లు ఉంటాయి.

ఇక ‘మాకెవరూ చెప్పలేదే’ అన్న మాట. మీ ఉత్తరంలో అసలు ప్రశ్న ఇదే అనిపించింది.

అమెరికాలో ఈ మెషిన్‌ను షాపులో గ్లూకోమీటర్ కొన్నట్టు కొనలేరు. డాక్టరు చీటీ కావాలి. మెషిన్ ఇచ్చే సంస్థ దగ్గర రోగి పేరు, చిరునామా ఉంటాయి. చాలాచోట్ల రోగి తన రీడింగులను వాళ్లకే పంపుతాడు, వాళ్లు డాక్టరుకు చేరవేస్తారు. ఏదైనా లోపం బయటపడితే కంపెనీ ఆ చిరునామాలకే ఉత్తరాలు రాస్తుంది. ఆ పెద్దమనిషి వాడి వదిలేసిన మెషిన్ మీ అక్క సూట్‌కేసులో ఎక్కిన రోజే దాని చిరునామా పోయింది. ఉత్తరం వచ్చినా పాత యజమాని ఇంటి డబ్బాలో పడుతుంది. ప్రేమతో తెచ్చిన వస్తువే, అక్కను ఏమీ అనకండి. కాకపోతే ఆ ఉత్తరం చేసే పనిని ఇప్పుడు మీరే చేయాలి. మెషిన్ వెనక మోడల్ పేరు, సీరియల్ నంబరు ఉంటాయి. స్ట్రిప్పుల డబ్బా మీదా, ఒక్కో రేకు మీదా లాట్ నంబరు, అంటే ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు ఉంటుంది. మీరు పంపిన ఫొటోలో ముందు భాగమే కనిపిస్తోంది, అందుకే నేను చూసి చెప్పలేకపోతున్నాను. మెషిన్ పేరు ఇక్కడ వేయకపోవడానికి కారణం వేరు. ఒక ఇంట్లో ఒక రోజు జరిగినదాన్ని పట్టుకుని ఒక కంపెనీ మీద తీర్పు చెప్పలేం. ఆ నంబర్లు అక్కకు పంపండి. మందులు, వైద్య పరికరాల మీద అజమాయిషీ చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ వెబ్‌సైటులో పరికరాల రీకాల్స్ వెతికే పేజీ ఉంది. మోడల్, లాట్ కొట్టి చూడమనండి. పది నిమిషాల పని.

బావగారు విన్నది ఏ రీకాలో తెలుసుకోవడం కూడా ముఖ్యం. ఎందుకంటే ఇంట్లో వాడే ఐఎన్ఆర్ మెషిన్ల విషయంలో పెద్ద రీకాల్స్ రెండున్నాయి, రెండూ రెండు రకాలు.

మొదటిది ఇన్‌రేషియో. అలీర్ అనే కంపెనీది. కొందరు రోగుల్లో ఇది ల్యాబ్ కంటే బాగా తక్కువ ఐఎన్ఆర్ చూపిస్తోందని 2014 డిసెంబరులో కంపెనీ హెచ్చరిక పంపింది. ఆ ముందరి రెండేళ్లలోనే 18 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. ఎఫ్‌డీఏ దాన్ని క్లాస్ 1 రీకాల్ అంది, అంటే ప్రాణానికి ముప్పు తేగల రకం. అయినా అప్పుడు మెషిన్లు వెనక్కి తీసుకోలేదు. ‘ఫలానా జబ్బులున్నవాళ్లు వాడకండి’ అన్నారు, అంతే. రీకాల్ అంటే బండి వచ్చి సరుకు ఎత్తుకుపోవడమే అనుకుంటాం గానీ, అక్కడి లెక్కలో వాడే పద్ధతి మార్చమని చెప్పినా రీకాలే. తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ సరిచేశామంది. అది చాలదని ఎఫ్‌డీఏ తేల్చాక, 2016 జులైలో ఆ మెషిన్లను మొత్తంగా మార్కెట్ నుంచి తప్పిస్తున్నట్టు ప్రకటించారు. మీ దగ్గరున్నది ఒకవేళ ఇదే అయితే ఇంకేం ఆలోచించక్కర్లేదు. దాని పని అయిపోయింది.

రెండోది 2018లో. రోష్ కంపెనీ కోగ్యుచెక్ ఎక్స్ఎస్ స్ట్రిప్పులు. ఇక్కడ మెషిన్ తప్పు లేదు. ఆ ఏడాది స్ట్రిప్పులను కొత్త అంతర్జాతీయ ప్రమాణానికి తగ్గట్టు మళ్లీ క్రమాంకనం చేశారు, అంటే అంకె లెక్కను కొత్తగా సరిచేశారు. దాంతో 4.5 పైన వచ్చే అంకెలు ఉండాల్సినదానికంటే ఎక్కువగా రావడం మొదలైంది. 2018 జనవరి నుంచి అక్టోబరు దాకా అమెరికాలో పంపిణీ అయిన 11 లక్షలకు పైగా ప్యాకెట్లు రీకాల్ అయ్యాయి. పాత ప్రమాణంతో తయారైన స్ట్రిప్పులు మళ్లీ వచ్చాయి, మెషిన్లు అవే కొనసాగాయి.

రెండింటిలో తప్పు ఏ వైపు పోయిందో గమనించారా? మొదటిది తక్కువ చూపిస్తుంది. తక్కువ ఉందని డోసు పెంచితే రక్తం కారుతుంది. రెండోది ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ ఉందని డోసు తగ్గిస్తే గడ్డ కడుతుంది, పక్షవాతం రావచ్చు. కాబట్టి ‘రీకాల్ అయిందంట’ అన్న ఒక్క మాట మీకు ఎందుకూ పనికిరాదు. ఏది, ఏ లాట్, ఎటువైపు అని మూడూ తెలిస్తేనే ఉపయోగం.

మీ అమ్మగారి విషయంలో మెషిన్ తక్కువ చూపించింది. 5.2 ఉన్నచోట 3.1. వేలి రక్తానికీ ల్యాబ్ రక్తానికీ కొంత తేడా మామూలే. మీకు కావాల్సిన 2.5–3.5 హద్దుల్లో అర దాకా తేడా వస్తే నేను పట్టించుకోను. పైకి వెళ్లేకొద్దీ తేడా ఇంకాస్త పెరుగుతుంది. అయినా రెండు పాయింట్లకు పైగా తేడా అంటే మాత్రం అది మామూలు తేడా కాదు.

ఇక్కడ మీరు పక్కన రాసిపడేసిన విషయం ఒకటుంది. జ్వరం. నా దృష్టి అంతా దాని మీదే ఉంది.

జ్వరం వచ్చినప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఒకటి, ఐఎన్ఆర్ నిజంగానే పెరుగుతుంది. మనిషి సరిగా తినరు, ఆకుకూరలు మానేస్తారు, పారాసిటమాల్ రోజుల తరబడి వేస్తారు, ఊళ్లో ఆర్ఎంపీ ఏదో యాంటీబయోటిక్ ఇస్తాడు. ఇవన్నీ ఎసిట్రోమ్ బలాన్ని పెంచేవే. మెట్రోనిడజోల్ లాంటివైతే మరీ. రెండోది, రక్తంలో ఫైబ్రినోజెన్ పెరుగుతుంది. గడ్డకట్టే పదార్థమే అది, ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే కాలేయం ఎక్కువగా తయారుచేస్తుంది. అది పెరిగినవాళ్లలో ఇన్‌రేషియో అంకె తక్కువగా రావచ్చు. 2014 హెచ్చరికలో ఆ మెషిన్ వాడకూడదన్న జాబితాలో ఇవి ఉన్నాయి: న్యుమోనియా, ఫ్లూ లాంటి ఇన్ఫెక్షన్లు, కీళ్లవాతం లాంటి దీర్ఘకాలపు వాపులు, బాగా రక్తం తగ్గినవాళ్లు. అంటే అసలు ఐఎన్ఆర్ పైకి పోతున్న రోజుల్లోనే మెషిన్ దాన్ని కిందికి చూపించే అవకాశం ఉందన్నమాట. మీ మెషిన్‌లో జరిగింది ఇదేనని నేను అనను. కానీ 2.1 కనబడిన రోజు అమ్మగారి అసలు ఐఎన్ఆర్ 3.5 దాటి ఉన్నా నాకు ఆశ్చర్యం లేదు. దాని మీద మీరు ఒక మిల్లీగ్రాము పెంచారు.

రక్తం తగ్గడం అన్నాను. అమ్మగారి హిమోగ్లోబిన్ ఎంతో రాయలేదు. మన ఊళ్లలో ఆ వయసు ఆడవాళ్లకు తొమ్మిదో, పదో ఉండటం, ‘ఎప్పుడూ అంతేలే’ అని వదిలేయడం మామూలు. ఇన్‌రేషియో రక్తం గడ్డకట్టేటప్పుడు విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డు ఎలా మారుతుందో కొలిచేది. రక్తంలో ఎర్రకణాలు ఎన్నున్నాయన్నదాన్ని బట్టి ఆ అడ్డు కూడా మారుతుంది. అందుకే ఎర్రకణాల శాతం, అంటే హెమటోక్రిట్, 30 కంటే తక్కువ ఉన్నవాళ్లు వాడొద్దన్నారు. హిమోగ్లోబిన్ లెక్కలో అది సుమారు 10. మిగతా కంపెనీల మెషిన్లకూ ఇలాంటి హద్దు ఒకటి ఉంటుంది, పుస్తకంలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఈసారి ల్యాబ్‌కి వెళ్లినప్పుడు సీబీపీ (రక్తకణాల లెక్క తీసే టెస్టు) కూడా చేయించండి.

స్ట్రిప్పుల సంగతి. ఎక్కడ దాచారు? చాలా రకాల డబ్బాల మీద 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని ఉంటుంది. ఒంగోలు మే నెలలో వంటింటి అలమర ఎంత వేడెక్కుతుందో మీకు చెప్పాలా? స్ట్రిప్పు మీద ఉండేది థ్రాంబోప్లాస్టిన్ అనే జీవపదార్థం. రక్తాన్ని గడ్డకట్టించే పని మొదలుపెట్టేది అదే. ఎండకు పాడైతే మెషిన్‌కి తెలియకపోవచ్చు. గడువు తేదీ చూడండి. ఒక్కో లాట్‌కు ఒక్కో కోడ్ ఉంటుంది. కొన్నింటిలో డబ్బాతో వచ్చిన చిప్ పెట్టాలి, కొన్నింటిలో కోడ్ చేత్తో సరిచూడాలి. రెండేళ్లలో అక్క తెచ్చిన డబ్బాలు ఒకటికి మించి ఉంటే ఇది కూడా చూడండి. వేలు పొడిచాక రక్తం రాలేదని గట్టిగా పిండితే కణాల మధ్య నీరు కలిసిపోతుంది. స్పిరిట్ తడి ఆరకముందు పొడవకూడదు. గోరువెచ్చని నీళ్లతో చేయి కడిగి, బాగా తుడిచి, చేయి కిందికి వేలాడదీస్తే చాలు, చుక్క దానంతటదే వస్తుంది.

ఏ అంకెను నమ్మాలి అంటే, డోసు మార్చాల్సి వచ్చినప్పుడు ల్యాబ్ అంకెనే. అయితే నా పాత ఉద్యోగం గురించి నేనే ఒక నిజం చెప్పాలి. ల్యాబ్ కూడా తప్పు చేస్తుంది. ఐఎన్ఆర్‌కి రక్తం తీసేది నీలం మూత గొట్టంలోకి. అందులో సిట్రేట్ ద్రవం ముందే ఉంటుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ అని లెక్క. నరం దొరకలేదని గొట్టం సగమే నింపితే సిట్రేట్ ఎక్కువై ఐఎన్ఆర్ ఉన్నదానికంటే పెద్దదిగా వస్తుంది. గుర్తు దాకా నిండిందో లేదో మీరే చూడండి. చూస్తే వాళ్లేమీ అనుకోరు, అనుకున్నా ఫరవాలేదు. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌కి వెళ్లండి. ఐఎన్ఆర్ అనే లెక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో తెచ్చిందే, ఒక్కో ల్యాబ్ ఒక్కో రకం థ్రాంబోప్లాస్టిన్ వాడినా అంకె ఒకేలా ఉండాలని. చాలావరకు ఉంటుంది. పూర్తిగా ఉండదు. మీ అమ్మగారి 5.2 మీద మాత్రం నాకు అనుమానం లేదు. చిగుళ్లూ, మోచేతి కమురూ దానికే సాక్ష్యం చెబుతున్నాయి.

కొత్త మాత్రల గురించి: వద్దు. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు అవి లేవు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ను మెటల్ వాల్వ్ రోగుల్లో పరీక్షించి చూశారు. గడ్డలూ రక్తస్రావాలూ రెండూ, ఎసిట్రోమ్ లాంటిదే అయిన వార్ఫరిన్ కంటే ఎక్కువ కావడంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు, 2013లో ఫలితాలు వచ్చాయి. ఆ మాత్రలు చాలావరకు, వాల్వ్ జబ్బు లేకుండా గుండె లయ తప్పినవాళ్లకు. పక్కింటాయన వేసుకుంటున్నాడంటే ఆయన జబ్బు వేరు.

ఇందులో ఒక వింత ఉంది. ఆ కొత్త మాత్రల్లో ఒకటైన రివరాక్సబాన్‌ను వార్ఫరిన్‌తో పోల్చి, 14 వేల మందికి పైగా రోగులతో చేసిన రాకెట్ ఏఎఫ్ అనే అధ్యయనం 2011లో వచ్చింది. అందులో వార్ఫరిన్ వాడినవాళ్ల ఐఎన్ఆర్ కొలిచింది ఇన్‌రేషియో మెషిన్‌తోనే. మెషిన్ తక్కువ చూపించి డాక్టర్లు వార్ఫరిన్ పెంచి ఉంటే, ఆ వైపు రక్తస్రావాలు పెరిగి కొత్త మాత్ర మంచిదిగా కనబడి ఉంటుంది కదా అని 2015, 2016ల్లో పెద్ద గొడవ జరిగింది. లెక్కలు మళ్లీ తీసి చూసి, తుది నిర్ణయం మారేంత తేడా లేదని యూరప్ ఔషధ సంస్థా, ఎఫ్‌డీఏ కూడా తేల్చాయి. అంత పెద్ద డాక్టర్ల చేతిలో ఉన్న మెషిన్ లోపమే తెలియకుండా దాటిపోయింది. మీకు తెలియలేదని కుమిలిపోకండి.

ఫిర్యాదు చేయవచ్చా అంటే, చేయండి. ‘విదేశీ మెషిన్, మనకేం హక్కు’ అనుకోవద్దు. వైద్య పరికరాల వల్ల జరిగిన హానిని నమోదు చేయడానికి మన దేశంలో 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ అనే కార్యక్రమం ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరు. రోగి తరఫువాళ్లు కూడా చెప్పొచ్చు. నష్టపరిహారం ఇప్పించే చోటు కాదది. మెషిన్ మోడల్, లాట్ నంబర్లు, ఒకే రోజు వచ్చిన రెండు అంకెలు, జ్వరం సంగతి, వాడిన మందులు చెప్పండి. మీరు దాచిన కవరు అప్పుడు పనికొస్తుంది. అక్కను అమెరికా కంపెనీకి కూడా రాయమనండి. 2014లో ఆ హెచ్చరిక వచ్చిందంటే ఇలాంటి ఫిర్యాదులు వేలల్లో చేరబట్టే.

మళ్లీ మెషిన్ వాడాలని ఉంటే? రీకాల్ జాబితాలో ఉంటే ఆశ వదులుకోండి. లేకపోతే గడువున్న కొత్త డబ్బా తెప్పించి, అమ్మగారికి ఏ జ్వరమూ లేని రోజుల్లో, ల్యాబ్‌లో రక్తం ఇచ్చిన గంటలోపే మెషిన్‌లోనూ చూసి రెండూ రాయండి. అలా మూడు వేర్వేరు నెలల్లో చేసి, ఆ కాగితం డాక్టరు గారికి చూపించండి. ఆయన సరేనంటే ఇంట్లో చూసుకోవచ్చు. ఈ మెషిన్లు చెడ్డవని నేను అనడం లేదు. సరిగ్గా పనిచేసేది దొరికితే పల్లెల్లో వాల్వ్ రోగులకు పెద్ద వరం. కానీ జ్వరం వచ్చినా, కొత్త మందు మొదలైనా, అంకె హద్దు దాటి కిందికి వచ్చినా పైకి వచ్చినా ల్యాబ్‌లో మళ్లీ చూపించాకే ఏదైనా.

ఇదంతా చదివి భయపడి ఎసిట్రోమ్ ఆపేయకండి, ఒక్క పూట కూడా, డాక్టరు చెబితే తప్ప. రాత్రి ఇల్లు సద్దుమణిగాక అమ్మగారి గుండెలో వాల్వ్ టిక్ టిక్ మనడం మీకు వినబడుతూనే ఉంటుంది. ఆ చప్పుడు మందగించినా, ఆయాసం వచ్చినా, మూతి వంకర పోయినా, ఒక చేయో కాలో పట్టు తప్పినా, మాట తడబడినా అంకెలు చూడకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. నల్లటి విరేచనాలు, ఆగని తలనొప్పి, తల మీద దెబ్బ తగిలేలా పడటం, ఇవీ అంతే. గోంగూర, తోటకూర మానిపించారేమో, అలా చేయొద్దు. వారానికి ఎంత తింటున్నారో అంతే తిననివ్వండి, ఒక వారం కట్టలు కట్టలుగా, ఒక వారం అసలు లేకుండా కాకుండా.

ఆ జ్వరంలో ఇచ్చిన మందుల చీటీ ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటుంది. అది వెతికి ఐఎన్ఆర్ పుస్తకంలో పిన్ను కొట్టి పెట్టండి, వచ్చేసారి డాక్టరు గారు మొదట అడిగేది అదే. మెషిన్ వెనక నంబర్ల ఫొటో నాకూ పంపండి, చూస్తాను.